అచ్చమైన కళాకారుడు ఎవరు? ఒక ఔత్సాహికుడి సందేహం

పెన్నఒడ్డు (తాడిపత్రి)

పెద్దలందరికీ నమస్కారం. నేను అనంతపురంలో డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. బొమ్మలు గీయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎనిమిదో తరగతిలో నోటుపుస్తకాల చివరి పేజీల్లో మొదలైన అలవాటు ఇప్పటికీ ఆ చివరి పేజీల్లోనే సాగుతోంది. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు మా మేనమామ నన్ను పదిమందికి చూపించి "మా వాడు పెద్ద ఆర్టిస్టు" అంటాడు. ఆ మాట విన్న ప్రతిసారీ ఎవరిదో చొక్కా అరువు తెచ్చుకుని తొడుక్కున్నట్టు ఇబ్బందిగా ఉంటుంది. ఇంతకూ ఆ మాట ఎవరికి తగుతుంది అన్నదే నా సందేహం.

ఇది నాలో ఎందుకు మొదలయిందో చెప్పడానికి రెండు బొమ్మల సంగతి చెప్పాలి. నిరుడు ఒక సినీనటుడి ముఖాన్ని పెన్సిలుతో గీశాను. ఫోటోను అచ్చు తీయించి, దానిమీద అర అంగుళం గడులు గీసి, పెద్ద కాగితం మీద అన్నే గడులు వేసుకుని, ఒక్కో గడిలో ఉన్నదాన్ని ఒక్కో గడిలోకి ఎక్కించాను. పదకొండు రోజులు పట్టింది. చూసినవాళ్లందరూ అచ్చం ఫోటోలా ఉందన్నారు, మా వీధిలో ఇద్దరు తమ పిల్లల బొమ్మలు కూడా వేసివ్వమని అడిగారు. కానీ ఆ పదకొండు రోజుల్లో ఏ గడిలో ఎంత నలుపు ఉందో చూశానే తప్ప ఆ ముఖాన్ని నేను ఒక్కసారీ చూడలేదు. ఫోటోను తలకిందులుగా పెట్టుకున్నా అదే బొమ్మ వచ్చేది.

రెండోది ఈ వేసవిలో గీసింది. మా జేజి (నాయనమ్మ) పంచలో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు, మా మాటలో బుడ్డలు, వలుస్తోంది. బొటనవేలికి పాత చీర పేలిక చుట్టుకుంది. ఆమె చేతులను మాత్రమే బాల్ పెన్నుతో ముప్పావు గంటలో గీశాను. అమ్మ చూసి "జేజి ముఖం ఏదిరా?" అంది. జేజి కళ్లజోడు పెట్టుకుని చూసి "ఇవి ఎవరి చేతులు, ఇంత ముసలివి?" అని అడిగింది. ఇంకెవరూ ఏమీ అనలేదు. అయితే ఆ బొమ్మలో ఎడమచేతి బొటనవేలు తప్పుగా వచ్చిందని నాకు తెలుసు. అది కాయను నొక్కుతున్నట్టు లేదు, కాయ మీద పడుకుని కునుకు తీస్తున్నట్టు ఉంది. ఆ తప్పు ఇంట్లో ఎవరికీ కనిపించలేదు, నాకు మాత్రం కన్ను మూసినా అదే కనిపిస్తోంది. నటుడి బొమ్మలో వెతికినా ఒక్క తప్పు దొరకదు. అది నాది కాదు గనుకనే దొరకడం లేదేమో.

చదువు వల్ల కళాకారుడు అవుతాడంటే, లేపాక్షి గుడి పైకప్పు మీద బొమ్మలు వేసినవాళ్లు ఏ కళాశాలలో చదివారు? పేరు వల్ల అంటే, ఆ గుడి చూసి వచ్చిన వారందరికీ కట్టించిన విరూపణ్ణ పేరు తెలుసు, కుంచె పట్టినవారి పేరు ఒక్కటీ తెలియదు. సంపాదన వల్ల అంటే, గోడలకు రంగు కొట్టే మేస్త్రీ నాకంటే వెయ్యిరెట్లు ముందున్నాడు. చివరికి నాకు తోచింది ఇది: తన పనిలో ఇతరులకు కనిపించని తప్పును చూడగలిగి, దాన్ని అలాగే వదిలి పడుకోలేనివాడే అచ్చమైన కళాకారుడు. ఇది సరైన ఆలోచనేనా, లేక కుర్రతనమా? పెద్దలు చెప్పాలి.

సుద్దముక్క (అనంతపురం)

నాయనా, నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు మాస్టరుగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం చొరవ తీసుకుని చెబుతున్నాను.

ముందు గడుల మీద నీ కోపం తగ్గించుకో. చిన్న బొమ్మను గోడంత చేయాలంటే గడులు గీయక తప్పదు. సినిమాహాళ్ల ముందు నలభై అడుగుల కటౌట్లకు రంగులు వేసినవాళ్లు గడులతోనే వేశారు, వారిలో నేను చేతులెత్తి మొక్కవలసినవాళ్లు ఉన్నారు. గడి నిచ్చెన వంటిది. నీ తప్పు నిచ్చెన ఎక్కడం కాదు, ఎక్కాక చుట్టూ చూడకపోవడం.

ఇక నీవు చెప్పిన కొలమానం. తప్పును చూడగలగడం మంచిదే. కానీ తప్పును తప్ప మరొకటి చూడలేక చెడిపోయిన పిల్లలను నేను చూశాను. ఒక కుర్రవాడికి నాకంటే మంచి చేయి ఉండేది. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగిపోయేదాకా వదిలేవాడు కాదు, పదో తరగతి పూర్తయ్యేసరికి పెన్సిలు పట్టుకోవడమే మానేశాడు. వాడికి నిద్ర పట్టని రాత్రులు నీకంటే ఎక్కువే ఉండి ఉంటాయి. మరి నీ లెక్కన వాడు నీకంటే గొప్ప కళాకారుడు కావాలి కదా?

లేపాక్షి ప్రస్తావన తెచ్చావు కనుక ఒక మాట. పిల్లలను ప్రతి సంవత్సరం అక్కడికి తీసుకువెళ్లేవాణ్ణి. మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూసి, రామాయణ భారత కథలు గుర్తుపట్టి, విజయనగర కాలపు పొడవైన కుళ్లాయిలను చూసి నవ్వుకుని, వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి, బయటి నంది దగ్గర ఫోటోలు దిగి వచ్చేవారు. నేను మాత్రం ఒక్క విషయమే చూపించేవాణ్ణి. పదహారవ శతాబ్దంలో ఆ బొమ్మలు వేసినవాడు మంచె మీద వెల్లకిలా ఉండి, మూరెడు దూరంలో ఉన్న సున్నపు గార మీద కుంచె నడిపాడు. అంత దగ్గరగా ఉన్నవాడికి తాను వేస్తున్న ఆకారం మొత్తంగా కనిపించదు. ఒక కాలు ఇక్కడ, తల అక్కడెక్కడో. తప్పు ఉందో లేదో తెలియాలంటే మంచె దిగి, నేల మీద నిలబడి, తల ఎత్తి చూడాలి. మళ్లీ ఎక్కాలి. నిద్రపట్టకపోవడం కన్నా ఆ దిగడం ఎక్కడమే కష్టమైన పని. నీ జేజి చేతుల బొమ్మ విషయంలో నీవు ఇంకా మంచె మీదే ఉన్నావు.

కొర్రన్నం (కడప)

'అచ్చమైన' అన్న మాట దగ్గరే నాకు పేచీ. నెయ్యి అచ్చమైనదో కాదో తేల్చడానికి అరచేతిలో వేసుకుని వాసన చూస్తాం. మనిషిని ఏ చేతిలో వేసుకుని చూడాలి?

చూసేవాళ్లు మెచ్చుకోలేదన్న దిగులు తమ్ముడి మాటల్లో కనిపిస్తోంది గనుక మా జిల్లా సంగతి ఒకటి గుర్తుచేస్తాను. తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని చిన్న అరలో దాచారు. వాటిలో ఎక్కువభాగం శతాబ్దాల పాటు పాడేవారు లేక, చదివేవారు లేక ఆ చీకట్లో ఉండిపోయి, ఇరవయ్యవ శతాబ్దంలోగాని మళ్లీ వెలుగు చూడలేదు. అన్నేళ్లూ ఆయన కళాకారుడు కాకుండా పోయాడా? మీరు జేజి చేతుల బొమ్మ గీసి ఇంకా రెండు నెలలు కూడా కాలేదు, అప్పుడే తొందర ఎందుకు?

తెరవెనుక (ధర్మవరం)

ఇక్కడి మాటలన్నీ గౌరవంగానే చదివాను. అయితే కొంచెం కటువుగా అనిపించినా ఒక విషయం చెప్పక తప్పదు. మాది తోలుబొమ్మలాట ఆడిన కుటుంబం. మా తాతకు 'కళాకారుడు' అనే మాటతో పని పడలేదు. "మేం ఆట ఆడేవాళ్లం" అనేవాడు, అంతే. వాన రాకపోతే ఊరివాళ్లు పిలిచి ఆట ఆడించేవాళ్లు. రాత్రి భోజనాల తర్వాత తెల్లచీరలు కలిపి తెర కట్టి, వెనుక ఆముదపు దీపాలు పెట్టి, తెల్లవారేదాకా రామాయణం ఆడితే గింజలు కొలిచేవాళ్లు. తాను అచ్చమైనవాడినా కాదా అని ఆయన ఎన్నడూ ఆలోచించి ఉండడు. ఆ ప్రశ్న వేసుకోవడానికి కూడా కొంత తీరిక కావాలి. ఇది తాడిపత్రి తమ్ముణ్ణి తప్పుపట్టడానికి అంటున్న మాట కాదు.

మా దగ్గరి నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మేమందరం సంబరపడ్డాం. కానీ ముందురోజు ఆయన చేతిలో ఉన్న ఉలీ, మరుసటిరోజు ఉన్న ఉలీ ఒకటే కదా.

తప్పు గురించి మాత్రం నాకు తెలిసింది చెబుతాను. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఆరబెడితే కాగితంలా పలుచగా, వెలుతురు దూరేటట్టు తయారవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చెక్క దిమ్మె మీద పెట్టి, నగలూ చీరె అంచులూ కనిపించాల్సిన చోట ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతాం. గుండ్రానికి ఒక ఉలి, చంద్రవంకకు ఒకటి, బియ్యపు గింజ ఆకారానికి ఇంకొకటి. రెండు రంధ్రాల మధ్య తోలు మరీ సన్నగా మిగిలితే నెల తిరక్కుండానే రెండూ కలిసిపోతాయి, సీతమ్మ హారం తెగినట్టే. ఎంత అనుభవం ఉన్నా దిమ్మె మీద ఉన్నంతసేపు బొమ్మలోని మంచిచెడ్డలు తెలియవు. దీపానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నప్పుడే తెలుస్తాయి. వెనకాల వెలుగు లేకపోతే అది ఉత్త తోలు.

ఇప్పుడు మేం ఎక్కువగా చేసేది దీపాలకు పెట్టే తోలు గొడుగులు. అవే ఉలులు, అవే రంధ్రాలు, ఆటా పాటా లేవు. హోటలు గదుల్లో పెట్టుకోవడానికి నెమలి కావాలంటారు, ఇరవై నాలుగూ ఒక్కలాగే ఉండాలంటారు. ఇరవై నాలుగో నెమలికి రంధ్రం వంకర పోతే ఎవరూ చూడరని నాకు తెలుసు. అయినా చేయి ఆగుతుంది. తమ్ముడు చెప్పిన కొలమానం ప్రకారం నేను కళాకారుణ్ణే అవుతాను గానీ, ఆటలో నవ్వించే బొమ్మ కేతిగాడి మాటలకు జనం నవ్వుతుంటే తెర వెనుక నిలబడి కాలి కింది చెక్కను టకటకా తొక్కుతూ యుద్ధం నడిపించిన మా తాత ముందు ఆ మాట అనుకోవడానికి నాకు నోరు రాదు.

పెన్నఒడ్డు (తాడిపత్రి)

అన్నా, మీ మాటలో కటుత్వం ఏమీ లేదు. తీరిక అన్నది నేను ఆలోచించని విషయం. నాకు ఇరవై నాలుగు నెమళ్లు చేయవలసిన అవసరం రాలేదు, వస్తే నా చేయి ఆగుతుందో లేదో కూడా తెలియదు. సుద్దముక్క సార్ చెప్పిన మంచె, మీరు చెప్పిన దీపం నాకు ఒకటే అనిపిస్తున్నాయి. పని చేసే చోట తప్పు కనిపించదు, వేరే చోటికి వెళ్లి చూడాలి. మరి పెన్నుతో చేతులు గీసేవాడికి ఆ వేరే చోటు ఏది?

ఉలిచప్పుడు (ఆళ్లగడ్డ)

నేను రాతి శిల్పాల పనిలో ఉన్నాను. నేర్చుకోవడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది, మా గురువుగారి లెక్కలో ఇంకా విద్యార్థినే. మీరందరూ తప్పును చేసిన తర్వాత చూడడం గురించి మాట్లాడుతున్నారు. రాతి పనిలో ఆ అవకాశం లేదు. కాగితమైతే మరొకటి తీసుకోవచ్చు, తోలైతే ఇంకొక మేక ఉంటుంది. ఆరడుగుల కృష్ణశిలలో పూర్తికావచ్చిన విగ్రహానికి ముక్కు చివర ఒక్క పెచ్చు ఎగిరితే అది పూజకు పనికిరాదు, నెలల పని మట్టిలో కలిసినట్టే. కనుక మా పనిలో తప్పు అనేది దెబ్బ పడకముందే కనిపించాలి.

కొత్తదనం గురించి ఎవరూ ఎత్తలేదు గనుక చెబుతున్నాను. బయటివాళ్లు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న: "అన్నీ శాస్త్రం ప్రకారమే చెక్కితే ఇందులో మీ సొంతం ఏముంది?" నవతాళ విగ్రహం అంటే ముఖం పొడవుకు (అదే ఒక తాళం) తొమ్మిది రెట్ల ఎత్తు, తాళానికి పన్నెండు అంగుళాల లెక్కన నూట ఎనిమిది. ఇక్కడి అంగుళం స్కేలు మీద ఉండేది కాదు, విగ్రహాన్ని బట్టి మారే కొలత. మోకాలు ఎక్కడ రావాలో, బొడ్డు ఎక్కడ రావాలో అన్నీ ముందే నిర్ణయమై ఉన్నాయి, మేం మార్చడానికి లేదు. అయినా మా షెడ్డులో ఒకే కొలతలతో ఇద్దరు చెక్కిన రెండు వేణుగోపాలస్వాములను పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో కూలికి వచ్చే మనిషి కూడా చెబుతాడు. పెదవి చివర ఒక వడ్లగింజంత లోతు తేడా ఉంటుంది. శాస్త్రం అంతవరకు తీసుకువచ్చి అక్కడ చేయి వదిలేస్తుంది.

ఒకసారి మా గురువుగారు ఒక అమ్మవారి విగ్రహాన్ని నాలుగు రోజులు ముట్టుకోలేదు. ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకున్నవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఈయన ఉదయం ఒకసారి, ఎండ వాలాక ఒకసారి, రాత్రి లైటు చేత్తో పట్టుకుని ఒకసారి చుట్టూ తిరిగి, ఎడమ మోకాలి దగ్గర ఎర్రజాజుతో గుర్తు పెట్టి, తుడిచి, మళ్లీ పెట్టేవారు. ఐదో రోజు ఏడు దెబ్బలు వేసి ఉలి కింద పెట్టారు. నేను లెక్కపెట్టాను గనుక చెబుతున్నాను. ఆ నాలుగు రోజులు ఆయన చూస్తున్నది రాయిలో ఇంకా రాని మోకాలిని.

తాడిపత్రి తమ్ముడికి ఒక సూచన. మీ ఊళ్లోనే పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి పూర్తికాని గోపురాలు ఉన్నాయి. వాటిని చూడడానికి సాయంత్రం వెళ్లండి. నడినెత్తి ఎండలో రాయి చదునుగా కనిపిస్తుంది, వాలు ఎండలోనే ప్రతి గీతకూ నీడ పుడుతుంది. మీరు అడిగిన వేరే చోటు ఒక్కొక్కసారి వేరే వేళ కూడా కావచ్చు.

తెరలేపు (కర్నూలు)

చర్చ అంతా చేతిపనుల చుట్టూ తిరుగుతోంది, నాటకం వైపు నుంచి ఒక్క మాట. శీర్షికలో 'ఔత్సాహికుడు' అని రాసి తాడిపత్రి అబ్బాయి తనను తాను తక్కువ చేసుకుంటున్నట్టు అనిపించింది. ఆ ఊళ్లోనే 1880లో పుట్టిన బళ్లారి రాఘవ గారు వృత్తికి వకీలు. బళ్లారి కోర్టులో క్రిమినల్ కేసులు వాదిస్తూనే తెలుగు రంగస్థలం మీద అంత గొప్ప నటుడయ్యారు, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారు కూడా బళ్లారిలో వకీలుగానే ఉంటూ నాటకాలు రాసి ఆడించారు. 'ఔత్సాహికుడు' అంటే ఉత్సాహం ఉన్నవాడనే కదా అర్థం, చేతగానివాడని ఎవరు చెప్పారు?

నటుడికి మీ అందరికీ ఉన్న ఒక సౌకర్యం లేదని కూడా గమనించాలి. మంచె దిగి తన బొమ్మను తాను చూసుకోలేడు. ఎదురుగా కూర్చున్నవాళ్లే అతని అద్దం. దుఃఖఘట్టంలో వెనుక వరుసలో ఎవరైనా దగ్గితే, ఆ దగ్గు నిజమైన దగ్గా, విసుగుతో వచ్చిన దగ్గా అన్నది మాకు అడుగు వేసే లోపలే తెలిసిపోతుంది.

తెరవెనుక (ధర్మవరం)

రాఘవ గారి మీద నాకూ గౌరవమే. కానీ కోర్టులో ఫీజు వచ్చేవారికి నాటకం ఆడని రోజు కూడా పొయ్యి వెలుగుతుంది. ఆయన గొప్పతనం తగ్గదు, మా తాత లెక్క వేరు అని మాత్రమే అంటున్నాను.

తెరలేపు (కర్నూలు)

ఒప్పుకుంటున్నాను. పూట గడవడానికి ఆడినవాడి చేతిలోనూ, పూట గడిచాక ఆడినవాడి చేతిలోనూ ఒకే నాణ్యత కనిపించిన సందర్భాలున్నాయి గనుక, డబ్బు ఈ ప్రశ్నను ఎటూ తేల్చదని నా ఉద్దేశం. అయితే ఆట నిలబడడమా, ఆగిపోవడమా అన్నదాన్ని మాత్రం డబ్బే తేలుస్తుంది.

సుద్దముక్క (అనంతపురం)

ఆళ్లగడ్డ అబ్బాయి చెప్పిన నాలుగు రోజుల సంగతి చదివి, నేను ముందు రాసిన దానికి ఒక సవరణ చేయాలనిపించింది. చెరిపి చెరిపి కాగితం చింపుకున్న నా విద్యార్థి కూడా చూస్తూనే ఉండేవాడు. కానీ వాడు చూసింది కాగితాన్ని. ఎదురుగా ఉన్న కుండనో, కొమ్మనో, మనిషినో కాదు. గీత తప్పినప్పుడు గీతను దిద్దాలని చూసేవాడు, వస్తువు దగ్గరికి తిరిగి వెళ్లేవాడు కాదు. అప్పట్లో నేనూ వాడికి ఆ మాట చెప్పలేకపోయాను, రబ్బరు తక్కువ వాడమని మందలించానంతే. నాయనా, నీ బొటనవేలును కాగితం మీద దిద్దకు.

పెన్నఒడ్డు (తాడిపత్రి)

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. పోయిన ఆదివారం ఊరికి వెళ్లాను. సార్ చెప్పినట్టు పాత బొమ్మను ముట్టుకోలేదు. జేజి పక్కన చాప వేసుకుని కూర్చుని పెన్ను తీశాను గానీ, పది నిమిషాలు చూసినా ఆ బొటనవేలు ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. పేలిక చుట్టి ఉండడం వల్ల వేలు కదలిక సరిగా కనిపించదు, ఆమె వేగం కూడా ఎక్కువ. దాంతో పెన్ను పక్కన పెట్టి నేనూ ఒక చేట ముందు వేసుకుని వలవడం మొదలుపెట్టాను.

మొదటి గంటలో తెలిసింది ఏమిటంటే, నేను అనుకున్నట్టు బొటనవేలు కాయను నొక్కదు. కాయకు ముక్కు ఉండే వైపు గోరు ఆనించి నిలిపి ఉంచుతుంది, అంతే. బలం అంతా కింద మడిచిన చూపుడువేలి కణుపులో ఉంది. అది కింది నుంచి ఎత్తుతుంటే కాయ తనంతట తాను నోరు తెరుస్తుంది. అంటే నా బొమ్మలో బొటనవేలు కునుకు తీస్తున్నట్టు ఉండడం తప్పే కాదు. అసలు తప్పు చూపుడువేలిది, దాన్ని నేను నీడలో కలిపేసి తప్పించుకున్నాను. రెండు నెలలుగా నాకు నిద్ర లేకుండా చేసిన తప్పు అక్కడ లేనేలేదు. ఇక నా కొలమానం గురించి ఏమి మాట్లాడను!

రెండో గంటకు నా గోరు కింద చర్మం లేచింది. జేజి ఏమీ అనకుండా చీర పేలిక ఒకటి చింపి ఇచ్చింది. సాయంత్రం ఎండ పంచలోకి వాలాక మళ్లీ గీశాను. ఆళ్లగడ్డ అన్న చెప్పినట్టు కణుపుల కింద నీడలు నిలిచాయి. చూపుడువేలు కుదిరిందనే అనుకుంటున్నాను. మణికట్టు మాత్రం ఎక్కడో తప్పింది, ఎక్కడో ఇంకా తెలియలేదు.

చూపిస్తే ఈసారి జేజి "ఇవి నావే" అంది. ఆ వెంటనే, బొమ్మ తర్వాత గీసుకోవచ్చు, వాన పడేలోగా విత్తనం కావాలి, ముందు చేటలోవి పూర్తిచేయమంది. ఇంకా అరబస్తా కాయలు మిగిలి ఉన్నాయి. వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాను.